రోజుకు ఆరు యూనిట్ల నిద్ర

మా ఆయన యేసుకుమార్ రాత్రంతా కరెంటు తయారుచేసి వస్తాడు. పగలు పడుకోవడానికి మాత్రం ఆయనకు కరెంటు చాలదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ మా సంగతి.

తయారుచేస్తాడనడం కొంచెం గొప్పకే. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఒక కాంట్రాక్టరు కింద బూడిద సెక్షన్‌లో పని. బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి దూరంగా ఉన్న చెరువులోకి తోసే పంపులుంటాయి. వాటి పక్కన నిలబడి, చప్పుడు మారితే చెప్పాలి. ఈ ఫిబ్రవరి నుంచి వరసగా రాత్రి డ్యూటీలే. పదింటికి ఎక్కి ఆరింటికి దిగుతాడు. ఏడింటికి భవానీపురంలో ఇంటికి చేరి, చెవుల్లోంచి బూడిద కడుక్కుని, ఇంత తిని పడుకుంటాడు. పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు.

మేముండేది రెండంతస్తుల మేడ మీద విడిగా వేసిన ఒక గది, ఒక వంటిల్లు. మా నెత్తిన శ్లాబు, శ్లాబు నెత్తిన సూర్యుడు. ఏప్రిల్లో పొద్దున పదింటికే గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది. ఫ్యాను ఈ మూల వేడిని ఆ మూలకు మోస్తుంది, అంతే. ఆయన తడి తువ్వాలు కప్పుకుని, అది ఎండిపోతే మళ్లీ తడుపుకుని, ఒంటిగంటకల్లా లేచి కూర్చుంటాడు. కళ్లు చూస్తే మిరపకాయల కళ్లంలో పనిచేసి వచ్చినవాడి కళ్లలా ఉంటాయి.

ఏప్రిల్ రెండో వారంలో పంపు పక్కన రెయిలింగుకు ఆనుకుని, నిలబడే నిద్రపోయాడు. హెల్మెట్ జారిపడ్డ చప్పుడుకు సూపర్‌వైజరు వచ్చి చూశాడు. ఇంకొక్కసారి జరిగితే గేట్ పాస్ వెనక్కి తీసుకుంటానన్నాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. అదే షిఫ్టులో చేసే పుల్లయ్య రైతు బజారులో కనబడి చెప్పాడు.

"పాస్ సంగతి అలా ఉంచమ్మా. ఆ పక్కనే పంపు తిప్పే షాఫ్టు తిరుగుతా ఉంటది. అటు తూలితే మనిషి దక్కడు," అన్నాడు.

ఆ రోజు కూరగాయల సంచీతో గుమ్మంలో నిలబడి ఆయన్ని చూశాను. నలభై నాలుగేళ్ల మనిషి కళ్లు గట్టిగా మూసుకుని, దవడలు బిగించి, నిద్రపోవడానికి బరువు మోస్తున్నట్టు కష్టపడుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

నేను టీచరుగా చేసే ప్రైవేటు స్కూల్లో ఆఫీసు గది ఏసీ మారుస్తున్నారు. పాతది ఎనిమిది వేలకు ఇస్తామని, జీతంలో నెలకు వెయ్యి చొప్పున కోసుకుంటామని, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని అన్నారు. కొనడం పెద్ద సంగతి కాదు. ఏనుగునైనా కొనొచ్చు, మేపడంతోనే కదా తంటా.

మా అమ్మాయి డయానా ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. దాన్ని కూర్చోబెట్టి లెక్క కట్టించాను. వెయ్యి వాట్ల వస్తువు గంట తిరిగితే ఒక యూనిట్ అంది. ఏసీ గంటకు యూనిట్ చొప్పున, పొద్దున ఎనిమిది నుంచి రెండింటిదాకా ఆరు యూనిట్లు. నెలకు నూట ఎనభై. మాకు ఇప్పుడు వస్తున్నదే నూట తొంభై. రెండూ కలిపితే మూడు వందల డెబ్భై. రెండు వందల పాతిక దాటాక యూనిట్ ఒక్కోటీ తొమ్మిది రూపాయలకు దగ్గరపడుతుంది. దాని మీద సర్దుబాటు అని, ఎప్పుడో వాడినదానికి ఇప్పుడు వడ్డించేది ఇంకోటి. ఎటు తిప్పినా నెలకు రెండు వేలకు మించి నా వల్ల కాదు. రెండు వేలంటే మూడు వందల యూనిట్లు. అంటే ఏసీ గుమ్మం ఎక్కకముందే నూట తొంభైని నూట ఇరవైకి దించాలి.

"డెబ్భై యూనిట్లు తగ్గించాలమ్మా. మనింట్లో తగ్గించడానికి ఏమున్నాయని?" అంది డయానా.

ఉన్నవాటితోనే మొదలుపెట్టాం. టీవీ మానేశాం. ఇస్త్రీ వారానికి ఒక్కసారి. వంటింట్లో లైటు వెయ్యకుండా వండి, చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన మాట్లాడకుండా తిన్నాడు. రాత్రిపూట ఫ్రిజ్ ఆపితే ఎంతో కొంత కలిసొస్తుందని ఆపాను. పొద్దునకు పాలు విరిగాయి. నాలుగు రూపాయలు మిగల్చబోయి అర లీటరు పాలు పారబోసిన తెలివి నాది.

మీటర్లన్నీ కింద మెట్ల దగ్గర ఒకే చెక్క మీద ఉంటాయి. రోజూ పొద్దున, సాయంత్రం దిగివెళ్లి మా మీటరు అంకె రాసుకొచ్చేదాన్ని. అక్కడే కుర్చీ వేసుకుని పేపరు చదివే ఇంటి ఓనరు వెంకటకృష్ణారావు గారికి నేను రోజూ దొరికేదాన్ని. ఆయనది పామర్రు పక్క పల్లె. వ్యవసాయ సొసైటీలో సెక్రటరీగా చేసి రిటైరయ్యారు. మంచివారు. కాకపోతే సలహా ఇవ్వకుండా ఒక పూట ఉండలేరు.

"చూడమ్మాయ్ హెప్సిబా, పొదుపనేది ముందు బుర్రలో ఉండాలి. రెండేళ్ల క్రితం ఇంట్లో బల్బులన్నీ పీకించి ఎల్ఈడీలు వేయించానా? ఆ నెల నుంచే యాభై అరవై యూనిట్లు పడిపోయింది. మీ పిన్నిగారు కూడా నమ్మలేదు. బిల్లులు చూపిస్తే అప్పుడు నమ్మింది."

పిన్నిగారంటే వాళ్లావిడ మాణిక్యంగారు. ఆ బిల్లులన్నీ గోడకు మేకు కొట్టి గుచ్చి ఉంచారు. పాలు పోసే అతనికి కూడా చూపించారు. అరవై యూనిట్లు అంత తేలిగ్గా తగ్గించిన మనిషిని చూస్తే నాకు కుళ్లు పుట్టింది.

మా పది రోజుల కష్టానికి రోజుకు అర యూనిట్ తగ్గింది. డయానా ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ కాగితం మీద వేసి, ఎన్నిసార్లు కూడినా నెలకు నూట ముప్పై దాటడం లేదంది. మిగతావి ఎక్కడికి పోతున్నాయో తెలీట్లేదంది. ఇంటర్ చదువుతూ కూడికలు రావా అని దాన్ని తిట్టాను. పిల్ల చిన్నబుచ్చుకుని కాగితం మడిచి పెట్టేసింది. దాని లెక్క సరైనదే. ఆ తిట్టు ఇప్పటికీ నన్నే గుచ్చుతుంది.

ఇరవయ్యో తారీఖున మా తమ్ముడు పామర్రులో కొత్త ఇంటి ప్రార్థన పెట్టుకున్నాడు. మా ఆయన వారపు సెలవుకు ఒక రోజు కలుపుకున్నాడు. ఫ్రిజ్ ఖాళీ చేసి, అన్ని స్విచ్చులూ ఆపి, అంకె రాసుకుని ముగ్గురం వెళ్లాం. రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే నాలుగు యూనిట్లు పెరిగింది. మూడుసార్లు చదివాను. మనుషులు లేని ఇంట్లో, దీపం వెలగని ఇంట్లో, రోజుకు రెండు యూనిట్లు.

మీటరు దూకుతోంది, రేపే కరెంటాఫీసులో కాగితం రాసిస్తానన్నాను. ఆయన చెప్పులు విడుస్తూ ఆగాడు.

"ఏం అక్కర్లేదు. రాసిస్తే కొత్త మీటరు పెడతారు. అది ఇంకా స్పీడుగా తిరుగుద్ది," అన్నాడు.

పంపు చప్పుడులో తేడా పట్టే మనిషి సొంత మీటరు సంగతి అలా కొట్టిపారేస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. అలసిపోయిన మనిషి ఏదో అన్నాడులే అనుకున్నాను. మా ఇంట్లో చాలా మాటలు అలాగే దాటిపోతాయి, ఎవరికీ వాటి వెంటపడే ఓపిక ఉండదు.

మర్నాడు పొద్దున ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి వెళ్లాడు. నేను ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి కిందికి దిగాను. మా మీటరు మీద, కరెంటు వాడుతుంటేనే వెలిగే ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. పక్కనే మోటారు గుయ్యిమని తిరుగుతోంది. నాలుగు వాటాలకు నీళ్లెక్కించే మోటారు అది, కృష్ణారావుగారు రోజూ ఆ వేళకు వేస్తారు. ఎందుకు తోచిందో తెలియదు, మా మెయిన్ స్విచ్ కిందికి లాగాను.

మోటారు ఆగిపోయింది.

స్విచ్ పైకెత్తాను. తిరిగింది. మళ్లీ దించాను. ఆగింది. రోజుకు రెండు యూనిట్లు. ఏసీకి గంటకో యూనిట్. అంటే ఆ మోటారు రోజూ మా ఆయన నిద్రలో రెండు గంటలు తాగేస్తోంది. నేను చీకట్లో చారు కాచింది, పిల్ల టీవీ మానేసింది, అందరి ట్యాంకూ నింపడానికి.

కృష్ణారావుగారు పేపరు చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. "కరెంటు పోయిందా అమ్మాయ్?"

"పోలేదండి. మీ మోటారు మా మీటరు మీద తిరుగుతోంది. నేనే ఆపాను."

"ఏంటీ?"

"మీ బల్బులు అరవై యూనిట్లు తగ్గించాయన్నారు కదా బాబాయిగారూ. అవి ఎక్కడికి తగ్గాయో ఇప్పుడు కనబడింది. మేం ఇంట్లో లైటు వేసుకోకుండా బతుకుతున్నాం. పైన ఆ మనిషి నిద్ర లేక చచ్చిపోతున్నాడండీ. మీకు ఇది న్యాయమేనా?"

అద్దెకున్నవాళ్లు ఓనరుతో అలా మాట్లాడరు. మాట్లాడితే ఇల్లు వెతుక్కోవాలి. అది తెలిసే మాట్లాడాను. ఆయన మీటర్ల వంకా మోటారు వంకా మార్చి మార్చి చూశారు.

"అది నా మీటరు మీదే ఉండాలమ్మా. ఎప్పుడూ నా మీటరు మీదే," అన్నారు. గొంతు తగ్గిపోయింది. నేను నమ్మలేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగాను.

"హెప్సీ, ఆయన్నేం అనకు. నేనే మార్చాను."

మా ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, ఒక చెవి వెనక ఇంకా బూడిద.

"రెండేళ్లయింది. అమ్మ పోయాక మార్చాను," అన్నాడు.

మా అత్తమ్మ రెండేళ్ల క్రితం పెద్దాసుపత్రిలో పోయింది. మైలవరంలో ఇల్లు ఎప్పుడో అమ్మేసుకున్నాం. ఆడపడుచు కువైట్ నుంచి రావాలంటే ఒకటిన్నర రోజు. అద్దె ఇంటికి శవాన్ని తేనివ్వరు. ఎంత మంచి ఓనరైనా ఆ ఒక్క దగ్గర చేతులు జోడిస్తాడు. మార్చురీలోనే ఉంచి అటునుంచి అటే తీసుకుపోదామని మా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉండగా కృష్ణారావుగారు ఫోన్ చేశారు. "ఎక్కడో పెట్టడమేంటయ్యా, ఇంటికి తీసుకురా," అన్నారు. మా గది దాకా ఎక్కించలేమని తమ వరండాలోనే ఫ్రీజర్ పెట్టె పెట్టించారు. తమ హాల్లోంచి దానికి వైరు లాగించారు. పండగ ముందు, పరాయివాళ్ల శవం, అందులోనూ మతం వేరు అని వాళ్ల బంధువులు మొహాలు ముడుచుకున్నారు. కృష్ణారావుగారు లెక్కచెయ్యలేదు. మాణిక్యంగారు రాత్రంతా ప్రార్థన చేసినవాళ్లందరికీ కాఫీలు కాచి ఇచ్చారు. ఇదంతా నాకూ తెలుసు. నేనూ చేతులెత్తి దణ్ణం పెట్టాను. కాకపోతే తర్వాత ఎవరి బతుకుల్లో వాళ్లం పడ్డామనుకున్నాను.

"పెట్టెకైన కరెంటు డబ్బులు ఇవ్వబోతే మీరు తీసుకోలేదు," అన్నాడు మా ఆయన. "దానికి కూడానా, వెళ్లు వెళ్లు అన్నారు. నాకు నిద్ర పట్టేది కాదండి. ఆ నెల్లోనే మోటారు వైరు కాలిపోతే బాగుచెయ్యమన్నారు కదా. అప్పుడు మా మెయిన్‌కి తగిలించేశాను. ఆ రోజు నిద్రపోయాను."

కృష్ణారావుగారు కుర్చీలో కూర్చున్నారు. పేపరు ఒళ్లో పెట్టుకుని దాన్ని మడతల మీద మడతలు పెట్టారు.

"ఒకటిన్నర రోజు కరెంటుకు రెండేళ్లు కట్టావా?" అన్నారు. "నేను బతుకులో ఏదో ఒక్క మంచి పని చేశాననుకుంటున్నానయ్యా. దానికి కూడా నువ్వు అద్దె కట్టేశావు."

మా ఆయన తలొంచుకున్నాడు.

"బల్బుల గురించి ఊరందరికీ చెప్పుకున్నాను," అన్నారాయన, తనకు తానే చెప్పుకున్నట్టు. లేచి, "ఆ వైరు ఇప్పుడే మార్చెయ్యి," అని లోపలికి వెళ్లిపోయారు.

మా ఆయన టెస్టరు తెచ్చి వైరు మార్చాడు. నిద్ర లేని చేతులు. అది అయ్యేదాకా నేను మెయిన్ స్విచ్ మీద చెయ్యి తియ్యలేదు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపంగా ఉంది. ఆయన బాకీ రెండేళ్లుగా ముగ్గురం తీరుస్తున్నాం, ఇద్దరికి ఆ సంగతే తెలియదు.

"నాకు చెప్తే ఏం పోయేది?" అన్నాను పైకి వచ్చాక.

"చెప్తే నువ్వు లెక్క వేస్తావు," అన్నాడు.

వేసేదాన్నే.

నెలాఖరున ఏసీ వచ్చింది. గది చల్లబడింది. ఎనిమిదింటికి వేశాను, డయానా నేనూ వంటింట్లో చెమటలు కారుస్తూ కూర్చున్నాం. తొమ్మిదింటికి తలుపు సందులోంచి చూస్తే ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. పదకొండుకూ అంతే. రెండింటికి ఆపేసరికి ఆరు యూనిట్లు ఖర్చయ్యాయి, ఆయన శ్లాబు చూస్తూ పడుకున్నాడు.

"చల్లగా లేదా?"

"చల్లగానే ఉంది."

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కృష్ణారావుగారు మెట్ల దగ్గర కూర్చోవడం మానేశారు. మేకుకున్న బిల్లులు తీసేశారు. ఎదురైతే పలకరిస్తారు, కానీ సలహా ఇవ్వరు. ఆయన సలహా కోసం నేను బెంగపెట్టుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు. నాలుగో రోజు పొద్దున పుల్లయ్య ఫోన్ చేశాడు. "రాత్రి మళ్లీ నిలబడే కునికాడమ్మా. నేను చూశాను కాబట్టి సరిపోయింది. రేపు నాకు డ్యూటీ మారతా ఉంది," అన్నాడు.

ఫోన్ పెట్టేసి సరాసరి కిందికి దిగి వాళ్ల తలుపు కొట్టాను.

"ఆ రోజు నోరు జారాను బాబాయిగారూ, మనసులో పెట్టుకోకండి," అన్నాను. "ఒక్కటి అడుగుతాను. మోటారు వైరు మళ్లీ మా మీటరుకే వేయించండి."

నెలకు అరవై యూనిట్లు పైనపడతాయని, అది నా వల్ల కాదని, ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు.

"వాడికి ఇంకా నిద్ర పట్టట్లేదా?"

"లేదండి."

చెప్పులేసుకుని బయల్దేరారు. మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు ఎక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మెట్టు మెట్టుకూ ఆగారు. పైకొచ్చి, ఏసీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు. మా ఆయన లేచి నిలబడబోతే చేత్తో కూర్చోమన్నారు.

"ఏవయ్యా, నా దగ్గర్నుంచి నీకు ఊరికే ఏదీ రాకూడదు. అంతేనా?"

"అలా అని కాదండి."

"కాకపోతే నిద్రపోయేవాడివి. సరే, ఒక మాట విను. నాకు డెబ్భై రెండు. నేను పోయిన రోజున ఆ వరండాలోనే పెడతారు. పెట్టెకు వైరు నీ మీటరు నుంచి లాగు. మావాళ్లు వద్దన్నా లాగు. డబ్బులిస్తే తీసుకోకు. దాంతో చెల్లుకు చెల్లు."

అలాంటి మాటలు ఎందుకండీ అని మామూలుగా ఎవరైనా అంటారు. నేను అనబోయాను కూడా. మా ఆయన అనలేదు. కృష్ణారావుగారి కాళ్ల వంక చూశాడు, కొలత తీసుకుంటున్నవాడిలా.

"పై నుంచి వరండా దాకా అంటే వైరు పొడుగ్గా కావాలండి," అన్నాడు.

"కొనిపెట్టుకో. నేనేం తొందర పడట్లేదు."

"అలాగేనండి. లాగుతాను."

"మాటేనా?"

"మాటండి."

కృష్ణారావుగారు మోకాళ్ల మీద చేతులు ఊని లేచారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మలుపు దాకా దించి, తిరిగొచ్చి గోడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఫ్రీజర్ పెట్టె రోజుకు ఎన్ని యూనిట్లు తింటుంది, వాళ్ల బంధువులు వచ్చేసరికి ఎన్ని రోజులవుతుంది అని నా పాడు బుర్ర అప్పుడే మొదలుపెట్టేసింది. సిగ్గేసింది. బతికున్న మనిషి ఇంకా మెట్లు దిగుతుంటే నేను ఆయన చావుకు బిల్లు వేస్తున్నాను.

మా ఆయనతో ఆ మాట చెప్పి తిట్లు తిందామని తలెత్తాను. గోడవైపు తిరిగి, నోరు కొద్దిగా తెరుచుకుని, గురక పెడుతున్నాడు.